‘ఖల్లివెల్లి’ ఎవరి తప్పు? గల్ఫ్‌లో కాగితాల బాధ్యత, మన కులం లెక్క

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో ‘ఖల్లివెల్లి’ అన్న మాట తెలియని ఊరు ఉండదు. అరబ్బీలో ఆ మాటకు ‘వదిలెయ్, పోనీ’ అని అర్థం. మన దగ్గర అది మనిషికి పెట్టే పేరు అయింది. గల్ఫ్‌లో కాగితాలు లేకుండా మిగిలిపోయినవాడు ఖల్లివెల్లి. ‘మావాడు ఖల్లివెల్లి అయిండు’ అని ఇంట్లోవాళ్లు చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది, కొడుకు ఏదో చేయరాని పని చేసినట్టు. కడప, రాయచోటి వైపు పోతే ఇదే సంగతి ఆడవాళ్ల గురించి వింటాం. ‘సేటు ఇంట్లోంచి బయటికొచ్చేసింది, అకామా లేదు’ అంటారు. అక్కడా గొంతు తగ్గుతుంది.

అకామా అంటే ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే నివాస పత్రం. అది లేకుండా పనిచేయడం నేరం. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ ఆ కాగితం తీయించాల్సింది ఎవరు, రెన్యువల్ చేయించాల్సింది ఎవరు, దానికి డబ్బు కట్టాల్సింది ఎవరు అని అడిగితే, పోయొచ్చిన వాళ్లలో కూడా చాలామంది ‘మనమే కదా’ అంటారు. చట్టం అలా చెప్పడం లేదు. అక్కడి చట్టాలే ఆ బాధ్యతను పని ఇచ్చేవాడి మీద పెట్టాయి. బాధ్యత ఒకరిది, శిక్ష ఇంకొకరికి. ఈ రెండింటి మధ్య దూరం ఎలా ఏర్పడిందో, అందులో మనవాళ్లే ఎందుకు పడుతున్నారో చూద్దాం.

చట్టంలో ఏముంది

గల్ఫ్‌లో పనికి పోయే మనిషి తనంతట తాను వీసా తీసుకోలేడు. ఎవరో ఒక యజమాని, అంటే కఫీల్, ‘ఈ మనిషి నాకు కావాలి’ అని అక్కడి ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టాలి. దేశంలో అడుగుపెట్టాక మెడికల్, వేలిముద్రలు అయిపోతే కఫీల్ పేరు మీదే అకామా వస్తుంది. ప్రతి ఏటా లేదా రెండేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేసేది కూడా కఫీల్ లేదా అతని తరఫున తిరిగే మందూబ్. కార్మికుడు ఆ ఆఫీసుకు పోయి ‘నా అకామా నేనే కట్టుకుంటా’ అన్నా కుదరదు.

అందుకే చట్టం కూడా ఖర్చును, బాధ్యతను యజమాని మీదే రాసింది. సౌదీ కార్మిక చట్టం 2005 నాటిది. దాని 40వ అధికరణం ప్రకారం నియామక ఖర్చు, అకామా ఫీజు, వర్క్ పర్మిట్ ఫీజు, వాటి రెన్యువల్, ఆలస్యమైతే పడే జరిమానా, ఎగ్జిట్ రీఎంట్రీ ఫీజు, చివరికి ఇంటికి తిరిగి పోవడానికి విమానం టికెట్, ఇవన్నీ యజమానే భరించాలి. ‘ఆలస్యమైతే పడే జరిమానా’ అన్న మాటను మళ్లీ చదవండి. అకామా గడువు దాటిందంటే ఆ తప్పు ఎవరి ఖాతాలో పడాలో చట్టం తేల్చేసింది. అదే చట్టం 39వ అధికరణం, తన కార్మికుణ్ని ఇంకొకరి దగ్గర పనికి వదలకూడదని, ఇంకొకరి కార్మికుణ్ని తాను పెట్టుకోకూడదని యజమానికి చెబుతుంది. అంటే పనిలో పెట్టుకునేవాడు వచ్చిన మనిషి కాగితం ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలి. చూడకుండా పెట్టుకుంటే అతనిదీ నేరమే.

కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం 2010లో వచ్చింది. దాని 10వ అధికరణం పర్మిట్ లేని విదేశీ కార్మికుణ్ని పెట్టుకోవద్దంటుంది. బయటి దేశం నుంచి మనిషిని రప్పించి పని చూపించకుండా వదిలేయొద్దని కూడా అంటుంది. యూఏఈలో పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకున్నా, మనిషిని రప్పించి పని ఇవ్వకపోయినా 50 వేల నుంచి 2 లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉండేది. 2024 ఆగస్టులో దాన్ని లక్ష నుంచి 10 లక్షల దిర్హాములకు పెంచారు.

కాగితం మీద చూస్తే ఇంతకన్నా గట్టిగా ఏం రాయాలి అనిపిస్తుంది.

ఖల్లివెల్లి ఎలా తయారవుతాడు

సముద్రంలో పడవెక్కి దొంగచాటుగా గల్ఫ్‌కు పోయిన తెలుగువాళ్లు ఉండరు. అందరూ ఏదో ఒక వీసాతో, విమానంలో, ఇమిగ్రేషన్ ముద్ర వేయించుకునే పోయారు. కాగితం ఆ తర్వాత పోయింది. అది పోయే దారులు కొన్నే.

మొదటిది, యజమాని కట్టకపోవడం. కంపెనీ నష్టాల్లో పడుతుంది, జీతాలు ఆగుతాయి, వాటితోపాటే అకామా రెన్యువల్ ఆగుతుంది. 2016లో సౌదీ ఓజర్ అనే పెద్ద నిర్మాణ సంస్థ కుప్పకూలినప్పుడు వేలమంది భారతీయులు నెలల తరబడి జీతాల్లేక, తిండి లేక క్యాంపుల్లో చిక్కుకున్నారు. వాళ్లలో ఎందరికో అకామా గడువు కూడా దాటిపోయింది. కట్టనిది కంపెనీ. రోడ్డు మీదకు వస్తే పోలీసు పట్టుకునేది మాత్రం కార్మికుణ్ని. ఆ ఏడాది మన ప్రభుత్వం మంత్రిని పంపింది. రావాల్సిన డబ్బుకు క్లెయిములు రాసిచ్చి ఇంటికి వచ్చేయమని కార్మికులకు చెప్పింది.

రెండోది ఆజాద్ వీసా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దీన్ని మంచి వీసా అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆజాద్ అంటే స్వేచ్ఛ. ఏ చట్టంలోనూ ఆ పేరుతో వీసా లేదు. ఒక కఫీల్ తన దుకాణం పేరు మీదో, తన ఇంటి పేరు మీదో కొన్ని వీసాలు తీసుకుంటాడు. అతని దగ్గర పని ఉండదు. ఏజెంట్ చేతుల మీదుగా ఆ వీసా అమ్ముడుపోతుంది. కొనుక్కున్న మనిషి అక్కడ దిగి, బయట దొరికిన పని చేసుకుంటూ, కఫీల్‌కు ఏటేటా డబ్బు కడతాడు. అకామా ఖర్చు కూడా తనే పెట్టుకుంటాడు. సౌదీలో 2018 నుంచి విదేశీ కార్మికుడి మీద లెవీ పెంచుతూ పోయారు. సౌదీలకన్నా విదేశీయులు ఎక్కువగా ఉన్న సంస్థల్లో ఒక్కో విదేశీ కార్మికుడికి నెలకు 2018లో 400 రియాళ్లు, 2019లో 600, 2020లో 800. ఫ్యాక్టరీలకు తర్వాత మినహాయింపు ఇచ్చారు. 800 లెక్కన ఏడాదికి 9,600 రియాళ్లు. పైన అకామా ఫీజు 650. చట్టం యజమాని కట్టాలన్న ఈ సొమ్ము ఆజాద్ వీసాలో కూలీ జేబులోంచి పోతుంది. ఒక ఏడు పని సరిగ్గా దొరక్కపోతే కట్టలేడు. కట్టలేకపోతే ఖల్లివెల్లి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కట్టినన్నాళ్లూ కూడా అతని స్థితి చట్టబద్ధం కాదు. అకామా మీద ఉన్న కఫీల్ వేరు, పని చేయించుకుంటున్నవాడు వేరు. 39వ అధికరణం ప్రకారం అది ఉల్లంఘన. 2013లో సౌదీ ప్రభుత్వం నితాఖత్ పేరుతో తనిఖీలు మొదలుపెట్టినప్పుడు అందరికన్నా ముందు ఇరుక్కున్నది ఆజాద్ వీసా వాళ్లే. ఆ ఏడాది నవంబర్ 3 దాకా ఇచ్చిన గడువులో లక్షమందికి పైగా భారతీయులు తిరిగొచ్చారు. వీసాలు అమ్ముకున్న కఫీళ్లలో ఎందరు జైలుకు పోయారని మాత్రం మన పత్రికలు అడగలేదు.

మూడోది అన్నిటికన్నా క్రూరమైనది. ‘పారిపోయాడు’ అని యజమాని పెట్టే ఫిర్యాదు. సౌదీలో దీన్ని హురూబ్ అంటారు. జీతం అడిగినందుకు, కొట్టారని బయటికి వచ్చినందుకు, లేబర్ కోర్టుకు పోయినందుకు యజమాని ఆన్‌లైన్‌లో ఒక మీట నొక్కి మనిషిని నేరస్థుణ్ని చేయగలిగేవాడు. పని మారే హక్కు విషయంలో సౌదీ 2021లో కొన్ని సంస్కరణలు తెచ్చింది. ఏడాది పనిచేసిన కార్మికుడు యజమాని అనుమతి లేకుండానే ఇంకో చోటికి మారవచ్చు అన్నది అందులో ముఖ్యమైనది. కానీ ఆ సంస్కరణల్లోంచి ఇళ్లలో పనిచేసేవాళ్లను, డ్రైవర్లను, తోటమాలులను, గొర్రెల కాపరులను బయట పెట్టారు. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేది ఎవరు? ఇళ్లు తుడిచేది ఎవరు? మనకు తెలుసు.

కులం ఎక్కడ వస్తుంది

గల్ఫ్ వలస గురించి రాసేవాళ్లు ‘పేదలు’, ‘నిరక్షరాస్యులు’, ‘కరువు జిల్లాలు’ అని రాస్తారు. కులం అన్న మాట రాదు. అరబ్బు కఫీల్‌కు మాల ఎవరో, మాదిగ ఎవరో, గౌడ్ ఎవరో తెలియదు కదా, ఇందులో కులం ఏముంది అని నన్ను సెమినార్లలో అడిగినవాళ్లు ఉన్నారు. కఫీల్‌కు తెలియాల్సిన పని లేదు. విమానం ఎక్కకముందే ఆ లెక్క అయిపోతుంది.

మన 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే వాళ్లు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఆ ముద్ర ఎవరి పాస్‌పోర్టు మీద ఉంటుంది? ఏ వాడలో పిల్లలు పదో తరగతి దాటకముందే బడి మానేస్తారో వాళ్ల మీద. భూమి లేనివాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు. మిత్తికి తెచ్చి ఏజెంట్‌కు కడతాడు. లైసెన్సు ఉన్న ఏజెంట్ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన. వాస్తవంలో కట్టేది దానికి ఎన్నో రెట్లు. అందుకే అక్కడ పని ఎంత చెడ్డదైనా, జీతం రాకపోయినా వెంటనే తిరిగి రాలేడు. కాగితం పోయినా అప్పు తీరేదాకా దాక్కుని పనిచేస్తాడు. ఖల్లివెల్లిగా ఉండిపోవడానికి నాకు కనబడే పెద్ద కారణం ఊళ్లో ఉన్న ఆ ప్రామిసరీ నోటే.

1976 వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం తీసి, వెట్టి అంటే ఏమిటో చెప్పిన నిర్వచనం చదవండి. తీసుకున్న అప్పు కారణంగానో, పుట్టిన కులం కారణంగానో ఒక మనిషి నచ్చిన చోట పని చూసుకునే స్వేచ్ఛ కోల్పోవడం, స్వేచ్ఛగా తిరిగే హక్కు కోల్పోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన తాతలు జీతం ఉన్నప్పుడు దొర అనుమతి లేకుండా ఇంకో దొర దగ్గర చేరలేకపోయారు. దాన్ని ఈ దేశం నేరం అంది. అదే షరతులు అరబ్బీలో రాసి, వీసా అని పేరు పెడితే మన ప్రభుత్వమే క్లియరెన్స్ ముద్ర కొట్టి పంపుతుంది. భారత చట్టం భారత భూభాగానికే వర్తిస్తుందని నాకూ తెలుసు. అయినా అప్పు పుట్టింది ఇక్కడే, మనిషిని అమ్మింది ఇక్కడే.

ఇక ఆడవాళ్ల సంగతి. కువైట్‌లో ఇంటి పని చేసేవాళ్లకు ఇచ్చేది ఖాదిమ్ వీసా, దాన్నే 20వ నంబర్ వీసా అంటారు. కంపెనీ పనివాళ్లది 18వ నంబర్, షూన్ వీసా. కువైట్ కార్మిక చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పి, ఇంటి పనివాళ్లకు ఇది వర్తించదని కూడా చెప్పింది. వాళ్లకోసం 2015లో 68వ నంబర్ చట్టం విడిగా వచ్చింది. వారానికి ఒక సెలవు, ఏటా 30 రోజుల జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు, ఇవన్నీ ఉన్నాయి. మంచిదే. కానీ పని గంటలు రోజుకు 12 దాకా. కనీస వేతనం 2016లో 60 దినార్లని పెట్టారు. ఆఫీసు ఊడ్చే మనిషికి 8 గంటలు, ఇల్లు ఊడ్చే మనిషికి 12 గంటలు. ఇంటి పని పనే కాదన్న ఈ ఆలోచన మనకు కొత్తదా? అక్కడి చట్టంలో అది అధికరణంగా ఉంది, ఇక్కడ సంప్రదాయంగా ఉంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఈ పనికి పోయిన ఆడవాళ్లలో దళిత క్రైస్తవ స్త్రీలు ఎందరో. ఇంటి గోడల మధ్య తనిఖీ అధికారి రాడు. ఆమె అకామా ఉందో లేదో ఆమెకే తెలియదు, ఎందుకంటే బతాకా, పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంటాయి.

అమెరికా లెక్క వేరేలా ఉందా

యజమాని కాగితాలు చూడాలన్న నియమం గల్ఫ్‌లోనే లేదు. అమెరికాలో 1986 నుంచి ఉంది. పనిలో చేరిన మూడు పనిదినాల్లోగా కార్మికుడి గుర్తింపు, పనిచేసే అనుమతి చూపించే పత్రాలను యజమాని కళ్లతో చూసి ఐ-9 అనే ఫారం నింపాలి. పత్రం అసలుదిలా కనిపిస్తే ఒప్పుకోవాలి. ఫలానా పత్రమే తెమ్మని పట్టుబట్టకూడదు, రంగు చూసి, ఉచ్చారణ విని ఎక్కువ కాగితాలు అడగకూడదు. అలా అడిగితే వివక్ష కింద యజమానికే శిక్ష. ఈ రెండో సగం గల్ఫ్ చట్టాల్లో లేదు.

అయినా అక్కడ కూడా భారం కిందికే జారింది. 2002లో హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో ఒక తీర్పు ఇచ్చింది. యూనియన్‌కు మద్దతు ఇచ్చినందుకు ఒక కార్మికుణ్ని చట్టవిరుద్ధంగా తీసేశారు. అతనికి పనిచేసే అనుమతి లేదని విచారణలో తేలింది. కాబట్టి తీసేసిన కాలానికి జీతం ఇవ్వనక్కర్లేదని కోర్టు చెప్పింది. దాని ఫలితం ఏమిటో చూడండి. కాగితం లేనివాణ్ని పనిలో పెట్టుకోవడమే యజమానికి లాభం, యూనియన్ అంటే తీసేయొచ్చు. వలస చట్టం కార్మిక చట్టాన్ని మింగేసింది. కాగితాలు చూసే అధికారం ఒక్కటే యజమానికి ఇచ్చి, కాగితం లేని మనిషికి కూడా జీతం హక్కు ఉందని చెప్పకపోతే జరిగేది ఇదే.

మనవాళ్లలో అమెరికా పోయేవాళ్లది ఇంకో లోకం. హెచ్-1బీ మీద ఉన్న ఇంజనీరు ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్నా జీతం ఇవ్వాల్సిందే అని నియమం. దాన్ని ఎగ్గొట్టే కన్సల్టెన్సీలు ఉన్నాయి, అది వేరే కథ. ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గడువు ఉంటుంది, 2017 నుంచి అమల్లో ఉంది. కువైట్‌లో దెబ్బలు తట్టుకోలేక అర్ధరాత్రి ఇంట్లోంచి బయటికి వచ్చిన ఖద్దామాకు 60 గంటలు కూడా లేవు. తెల్లారేసరికి ఆమె పారిపోయిన మనిషి. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ పెట్టి అమెరికా అధికారులు 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు, అందులో తెలుగువాళ్లే ఎక్కువ. ఢిల్లీ నుంచి నిరసన పత్రం పోయింది, వాషింగ్టన్ ఎంబసీలో 24 గంటల హాట్‌లైన్ పెట్టారు, తెలుగు చానళ్లు రోజంతా చూపించాయి. ఆ పిల్లల కోసం అదంతా చేయడం సరైనదే. తర్‌హీల్‌లో, అంటే గల్ఫ్ డిపోర్టేషన్ సెంటర్లలో, ఉన్న కూలీల కోసం అలాంటి రోజు ఒక్కటి నాకు గుర్తులేదు.

క్షమాభిక్ష అనే మాట

అకామా గడువు దాటితే రోజుకు ఇంత అని జరిమానా పడుతుంది. యూఏఈలో రోజుకు 50 దిర్హాములు. నెలకు 1,500. ఎందరో హెల్పర్ల నెల జీతం కన్నా ఎక్కువ. రెండు మూడేళ్లు గడిస్తే తీర్చలేని మొత్తం అవుతుంది. అప్పుడు ప్రభుత్వాలు ఆమ్నెస్టీ ప్రకటిస్తాయి. కువైట్ 2018లో, 2020లో, 2024లో ఇచ్చింది. యూఏఈ 2018లో, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఇచ్చింది. తెలుగు పత్రికలు దీన్ని ‘క్షమాభిక్ష’ అని రాస్తాయి. నాకు ఈ మాట మీద పేచీ ఉంది. అకామా కట్టనివాడు యజమాని అయితే క్షమించేది ఎవరిని? భిక్ష ఎవరికి?

ఆమ్నెస్టీలో జరిమానా మాఫీ అవుతుంది. జీతం బకాయి, సర్వీసు ముగిసినందుకు రావాల్సిన గ్రాట్యుటీ వాటంతట అవి రావు. ఔట్‌పాస్ పట్టుకుని, గడువులోపు విమానం ఎక్కాలన్న తొందరలో మనిషి లేబర్ కోర్టు గడప తొక్కడు. అలా ఆమ్నెస్టీతో ఎక్కువ లాభపడేది బకాయిపడ్డ యజమాని.

మన ప్రభుత్వం చేతిలో ఉన్నది

యజమాని మీద బాధ్యత పెట్టే ప్రయత్నం ఢిల్లీ ఒకసారి గట్టిగా చేసింది. ఇంటి పనికి భారతీయ స్త్రీని పెట్టుకునే విదేశీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని 2014లో పట్టుబట్టింది. జీతం ఎగ్గొడితే, ఇంటికి పంపకపోతే ఆ సొమ్ములోంచి తీసుకోవచ్చు. కువైట్ ఒప్పుకోలేదు. 2017లో కువైట్ విషయంలో మనమే దాన్ని ఎత్తేశాం. 2020లో, కోవిడ్ మధ్యలో, గల్ఫ్ దేశాలకు పోయేవాళ్ల కనీస రెఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. గల్ఫ్ కార్మిక సంఘాలు కొట్లాడి, తెలంగాణ హైకోర్టుకు పోయాక 2021లో ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నారు. అడిగితే కదులుతుంది, అడగకపోతే యజమాని వైపే వాలుతుంది.

స్త్రీల విషయంలో దారి ఇంకోలా తప్పింది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్లు నిండాలి, అదీ 2016 నుంచి ఏపీలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. రక్షణ కోసమే పెట్టారు. కానీ ఆ సంస్థల దాకా చేరలేని స్త్రీకి ఏజెంట్ విజిట్ వీసా చూపిస్తాడు. విజిట్ వీసా మీద దిగిన మనిషికి పని ఒప్పందం ఉండదు, అకామా ఉండదు, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో యజమాని పేరు ఉండదు. ఆమెను ఎవరు పెట్టుకున్నారో మన ప్రభుత్వ రికార్డులో కూడా లేదు. 1983 చట్టం కింద ఇలాంటి ఏజెంట్‌కు శిక్ష రెండేళ్ల దాకా జైలు, 2 వేల రూపాయల దాకా జరిమానా. నలభై ఏళ్లుగా ఆ 2 వేలు అలాగే ఉన్నాయి. కొత్త చట్టానికి 2019లో, 2021లో ముసాయిదాలు తెచ్చారు.

చేతిలో ఉంచుకోవాల్సినవి

ఈ భాగం పోయేవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. ఒప్పందం మీద ఉన్న యజమాని పేరు, వీసా మీద ఉన్న పేరు ఒకటేనా అని విమానం ఎక్కకముందే చూడాలి. వీసాలో రాసిన పని ఏమిటో అరబ్బీ వచ్చినవాళ్లతో చదివించుకోవాలి. ‘ఆమిల్’ అంటే కూలీ, ‘సాయిఖ్’ అంటే డ్రైవర్, ‘రాయి’ అంటే కాపరి. సూపర్‌మార్కెట్ పని అని చెప్పి కాపరి వీసా ఇస్తే ఎడారికే పోతారు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంట్‌కు డబ్బు ఇచ్చిన రుజువు ఫొటోలు తీసి ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచాలి. డబ్బు వీలైనంత వరకు బ్యాంకు ద్వారానో, ఫోన్‌పే ద్వారానో ఇవ్వాలి. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి.

అక్కడికి పోయాక అకామా చేతికి రావాలి. సౌదీలో అయితే మూడు నెలల్లోగా. అబ్షర్, ఖివా యాప్‌లలో తన పేరు మీద ఏముందో కార్మికుడే చూసుకోవచ్చు, కువైట్‌లో సహెల్ ఉంది. నెలకోసారి చూసుకుంటే, పారిపోయినట్టు ఫిర్యాదు పడిన సంగతి పోలీసు చెప్పకముందే తెలుస్తుంది. గడువు దగ్గరపడుతున్నా యజమాని రెన్యువల్ చేయకపోతే వాట్సాప్‌లో అయినా రాసి అడగాలి. ఆ మెసేజ్ తర్వాత సాక్ష్యం అవుతుంది. గడువు దాటకముందే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టిన మనిషికీ, దాటాక పట్టుబడిన మనిషికీ చాలా తేడా ఉంటుంది. చిక్కుకుపోతే టికెట్‌కు, వసతికి, వకీలు ఖర్చుకు ఎంబసీలో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అది కార్మికుల డబ్బే, పాస్‌పోర్టు, వీసా సేవల మీద ఎంబసీ వసూలు చేసే చిన్న ఫీజులోంచి వచ్చేది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇంటి నుంచి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఏజెంట్ మీద కేసు పెట్టేటప్పుడు స్టేషన్‌లో ఒక మాట వినిపిస్తుంది, ‘ఎమిగ్రేషన్ యాక్ట్‌కు కేంద్రం పర్మిషన్ కావాలి, మేం పెట్టలేం’ అని. ఆ చట్టం 27వ సెక్షన్‌లోనే దానికి మినహాయింపు ఉంది. మోసపోయిన మనిషి గానీ, అతని తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు ఇస్తే ఆ అనుమతి అవసరం లేదు. మోసం కింద భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, మనిషిని అమ్మినట్టు ఉంటే మానవ అక్రమ రవాణా కింద 143వ సెక్షన్ కూడా పెట్టమని రాతపూర్వకంగా అడగాలి.

తిరిగి వచ్చేవాళ్లు ఇంకొకటి చేయాలి. సౌదీలో, కువైట్‌లో జీతం బకాయి కేసు వేయడానికి పని ముగిసిన రోజు నుంచి ఒక ఏడాదే గడువు. ఔట్‌పాస్ కోసం ఎంబసీకి పోయిన రోజే, అక్కడ ఉండే నమ్మకమైన ఒకరి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఎంబసీ ముద్ర వేయించుకోవచ్చు. విమానం ఎక్కాక ఇక్కడి నుంచి అదే పని చేయాలంటే నోటరీ, అటెస్టేషన్, అరబ్బీ అనువాదం అన్నీ కావాలి. అవి అయ్యేలోపు ఏడాదిలో ఎన్నో నెలలు పోతాయి.